నీళ్లు తాగిన కొయ్య

మైపాడు ఒడ్డున తొలిసారి తెప్ప విప్పడం చూసినప్పుడు అది విరిగిపోయిందనే అనుకున్నాను. బడికి వేసవి సెలవులు. నెల్లూరు నుంచి మా నాన్నతో బస్సులో వెళ్లాను. అలల్లో కాళ్లు తడుపుకుని పాలెం వైపు నడుస్తుంటే ఒక తెప్ప అప్పుడే ఒడ్డెక్కింది. చేపలు గంపల్లోకి మారాయో లేదో, ఇద్దరు మనుషులు దాని కట్లు విప్పేశారు. కాసేపటి క్రితం దాకా తెరచాప ఎత్తుకుని అలల మీద దూకుతూ వచ్చిన పడవ చూస్తుండగానే దుంగలు దుంగలుగా ఇసుకలో విడివిడిగా పడుకుంది.

"విరిగిపోయిందా తాతా?" అని అడిగాను.

తాళ్లు చుట్టుకుంటున్న ముసలాయన నా వైపు చూసి నవ్వాడు. "ఇరగలేదు నాయనా. నీళ్లు తాగుండాది. ఇప్పుడు ఎండ తాగాల."

తర్వాత చాలాసార్లు ఆ తీరానికి వెళ్లాను. ఇసుకపల్లి, కృష్ణపట్నం, తూపిలిపాళెం, పులికాట్ పక్క ఊళ్లు తిరిగాను. పడవల గురించి దొరికిన పుస్తకాలు చదివాను. ఆ ముసలాయన అన్న రెండు ముక్కలను మించి పడవ సంగతి అంత స్పష్టంగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. సముద్రయానం అనగానే మనకు బయలుదేరడం, తుపాను, గమ్యం గుర్తొస్తాయి. ఒడ్డు చేరాక పడవ ఏమవుతుందో ఎవరూ అడగరు. నెల్లూరు తీరంలో చేపలు పట్టే పట్టపువాళ్లకి మాత్రం అసలు పని అక్కడే మొదలయ్యేది. ఒడ్డున తెప్పను చూసుకోవడం తెలియనివాడిని నడిసంద్రంలో వాళ్లు నమ్మేవాళ్లు కారు.

తెప్ప కట్టుబడి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. తేలిక జాతి కొయ్య దుంగలను పడవ ఆకారం వచ్చేలా చెక్కి, పక్కపక్కన పేర్చి, ముందూ వెనకా మోకులతో బిగించి కడతారు. నడిమి దుంగ కాస్త దిగువకు, పక్కవి కాస్త ఎగువకు ఉంటాయి. ముందు కొస అల మీదికి లేచేలా వంపు ముక్కలు తగిలిస్తారు. ఎక్కడా మేకు ఉండదు. అల మీద పడితే నీళ్లు దుంగల సందుల్లోంచే జారిపోతాయి. నీళ్లు నిండి మునగడానికి ఆ పడవకు కడుపంటూ లేదు. ఉత్తరాన విశాఖ, శ్రీకాకుళం వైపు దుంగలను కొయ్య చీలలతో బిగించే పద్ధతి ఉంది. మన దక్షిణ తీరానిది కట్టుడు తెప్ప. తమిళంలో దీన్నే కట్టుమరం అంటారు. ఆ మాటే ఇంగ్లీషులోకి కాటమరాన్‌గా వెళ్లి ప్రపంచమంతా తిరిగింది.

అంత తేలిక కొయ్య వాడటంలో ఒక లాభం, దాన్ని అంటిపెట్టుకుని ఒక నష్టం. తేలిగ్గా ఉందంటేనే లోపల గాలి గదులు ఎక్కువని అర్థం. గాలి ఉన్న చోటికి నీరు చేరుతుంది. తెల్లవారుజామున తెప్ప నీటి మీద ఎత్తుగా నిలబడి బయలుదేరుతుంది. మధ్యాహ్నానికి అదే తెప్ప కిందికి దిగి, బరువెక్కి, తెరచాప లాగినా బద్ధకంగా కదులుతుంది. అలాగే నాలుగు రోజులు వరసగా తిప్పితే కూచున్నవాళ్ల నడుము దాకా నీళ్లొస్తాయి. తెప్ప మునగదు కానీ ఎందుకూ పనికిరాని కొయ్య అవుతుంది. కాబట్టి ప్రతి వేట తర్వాత విప్పాలి, ఎండబెట్టాలి. కాస్త కలిగిన ఇళ్లలో రెండు జతల దుంగలుండేవి. ఒక జత సముద్రంలో ఉంటే రెండోది ఒడ్డున ఆరుతుండేది.

ఎండబెట్టడమంటే ఎండలో పడేసి ఇంటికి పోవడం అనుకుంటే పొరపాటు. ఆ పనిలో ఎంత జాగ్రత్త ఉందో పూట పూటా కూచుని చూశాను. దుంగను తడి ఇసుక మీద ఉంచరు. కింద రెండు అడ్డ కొయ్యలు వేసి దాని మీదికి దొర్లిస్తారు, అడుగున గాలి ఆడాలి. కొయ్య పక్కల కంటే కొసల్లోంచి నీళ్లు ఎక్కువ తాగుతుంది, అక్కణ్నుంచే త్వరగా ఆరుతుంది. కొస ముందు ఆరిపోయి నడుము ఇంకా తడిగా ఉంటే ఆ కొస పగులుతుంది. అందుకని కొసల మీద తాటాకులు కప్పుతారు. పొద్దు వాలాక దుంగను బోర్లా తిప్పుతారు. ఒక పక్కే ఎండితే అది వంకర పోతుంది, వంకర పోయిన దుంగ పక్క దుంగతో కలవదు, కట్టు బిగియదు.

ఆరిందో లేదో చూడటానికి చెవే సాధనం. వేళ్ల కణుపులతో దుంగ పొడవునా కొట్టుకుంటూ పోతారు. తడి ఉన్నచోట చప్పుడు మూసుకుపోయినట్టుంటుంది. ఆరినచోట గుల్లగా, కాస్త మోగుతున్నట్టుంటుంది. నా చేత కూడా కొట్టించారు ఒకసారి. మొదట నాకు అంతా ఒకటిగానే వినబడింది. పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఒక జానెడు అటూ ఇటూ జరిపి కొట్టించాడు. అప్పుడు తెలిసింది తేడా. కొయ్య నడుమ ఒకచోట ఇంకా నీరుంది. బయట చెయ్యి పెడితే పొడిగానే తగులుతోంది.

దుంగలు ఆరుతుండగా తాళ్ల పని సాగుతుంది. కొబ్బరి నార ఉప్పునీళ్లకు ఓర్చుకుంటుంది, అందుకే ఈ కట్లకు అదే వాడేవారు. తాడు పైకి బాగానే కనబడుతూ లోపల పాడవుతుంది. పురి కాస్త విడదీసి లోపలి నారను చూస్తారు. పొడిపొడిగా రాలుతుంటే ఆ తాడు ఇక కట్టుకు పనికిరాదు, ఒడ్డున వల ఆరేసుకోవడానికో గంప కట్టుకోవడానికో పోతుంది. బాగున్న తాడును ఈసారి తిరగేసి కడతారు. పోయినసారి ముడి పడిన చోట ఈసారి పడకూడదు. ఒకేచోట అరిగితే తాడు ఆ చోటే తెగుతుంది గదా. దుంగలకు నెరియలు పడితే నార దూర్చి గుగ్గిలం పూస్తారు. ఏడాదికోసారి సొరచేప నూనె పట్టిస్తారు. ఆ వాసన పాలెంలో అడుగుపెట్టకముందే పలకరిస్తుంది. ముందు కొస ఇసుకలో రాసుకుని రాసుకుని అరిగితే ఆ ముక్క ఒక్కటే మారుస్తారు, తక్కిన తెప్ప అలాగే ఉంటుంది. ఈ తెప్ప వయసెంత అని అడిగితే అందుకే ఎవరూ సూటిగా చెప్పరు. ఈ దుంగ మా నాయన నాటిది, ఇది నా పెండ్లి నాటిది, ఇది మొన్న సంకురాత్రికి వేసింది అని ఒక్కొక్కటీ చూపిస్తారు.

మరమ్మతు ఇంత సులువుగా కుదిరేది తెప్ప విప్పడానికి వీలుగా పుట్టింది కాబట్టే. ఏదో ఒకరోజు పాడవుతుందని దాన్ని కట్టినవాడు ముందే ఒప్పుకున్నాడు. పాడైన భాగాన్ని బయటికి తీసే దారి కట్టేటప్పుడే ఉంచాడు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఈ ఆలోచనే.

ఇలాంటి పడవ ఇక్కడే ఎందుకు పుట్టిందంటే తీరాన్ని చూడాలి. ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన పులికాట్ దాకా నెల్లూరు సముద్రపు ఒడ్డు దాదాపు గీత గీసినట్టుంటుంది. పెన్న కలిసే చోట, కృష్ణపట్నం దగ్గర కండలేరు వచ్చే చోట, స్వర్ణముఖి కలిసే చోట తప్ప లోపలికి దూరి తలదాచుకునే తావు లేదు. గాలిని ఆపే కొండ లేదు. అలలు ఒడ్డుకు కాస్త దూరం నుంచే వరసలు వరసలుగా విరుగుతూ వస్తాయి. లోతు అడుగు ఉన్న పడవ ఈ అలల్లోంచి రావాలంటే ఇసుకకు తగిలి పగలాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, దానితోపాటు తుపాన్లు. ఇలాంటి చోట రేవంటే ఇసుకే. పడవను నీళ్లలో కట్టేసి ఉంచే వీల్లేదు కాబట్టి మోసుకుపోగలిగేలా పడవ ఉండాలి. విప్పితే నలుగురు మోసే బరువవుతుంది తెప్ప.

అలాగని ఈ తీరానికి పెద్ద ఓడలు రాలేదని కాదు. 1780ల్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది, తవ్వితే దాని కింద ఒక కుండ దొరికింది. అందులో ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనాల రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యల ఓడను తన నాణెం మీద ముద్రించాడు. ఓడను డబ్బు మీద వేసుకున్న రాజ్యానికి ఓడ ఎంత దగ్గరి వస్తువో వేరే చెప్పక్కర్లేదు. కృష్ణపట్నానికి తెలుగు చోళుల నాడు కొల్లితురై, గండగోపాలపట్టణం అనే పేర్లుండేవి. వర్తకులు వచ్చిపోయే పట్టణమది. తెరచాపతో మహాసముద్రం దాటిన ఓడ వచ్చిన వెంటనే వెనక్కి తిరగలేదు. గాలి తిరగాలి. నైరుతి గాలి తెచ్చిన ఓడను ఈశాన్య గాలి తీసుకుపోవాలి. మధ్యలో నెలలు నెలలు ఎదురుచూపు. చాపలు కుట్టుకోవడం, తాళ్లు పేనుకోవడం, అడుగు గోకడం అన్నీ ఆ నెలల్లోనే జరిగేవి.

ఒడ్డుకు దూరంగా లంగరేసిన పెద్ద ఓడకీ ఇసుకకీ మధ్య సరుకు మోసింది కుట్టు పడవ. ఇంగ్లీషువాళ్లు దాన్ని మసూలా బోటు అన్నారు. మదరాసులో కట్టుడు రేవు రాకముందు దొరలూ దొరసానులూ అందులో కూచునే ఒడ్డెక్కారు. వాళ్ల సొంత పడవలు ఆ అలలకు నిలిచేవి కావు. దాన్ని కట్టిన పద్ధతి తెప్పకు అక్క లాంటిది. మామిడి పలకల అంచుల పొడవునా బెజ్జాలు వేసి, రెండు పలకలూ కలిసే సందు మీద గడ్డిగానీ కొబ్బరి పీచుగానీ తాడులా పేర్చి, దాని మీదుగా నార తాటితో బట్ట కుట్టినట్టు కుడతారు. లోపల ఎముకల్లాంటి అడ్డ కొయ్యలుండవు. అల వచ్చి గుద్దితే పడవ మొత్తం కొద్దిగా వంగి, మళ్లీ సర్దుకుంటుంది. మేకులు కొట్టిన పడవైతే అదే దెబ్బకు మేకు పలకను చీల్చుకుని బయటికొస్తుంది.

కుట్టు పడవకు విరామమంటే కుట్టు విప్పడమే. నీళ్లలో ఉన్నంతసేపు పీచు ఉబ్బి సందు మూసుకుంటుంది. ఒడ్డున ఆరితే పీచు ముడుచుకుంటుంది, కుట్టు వదులవుతుంది. అలా వదులైన కుట్టును కోసి తీసి, కుళ్లిన పీచు దులిపి, కొత్త పీచు పెట్టి మళ్లీ కుడతారు. ఇద్దరు మనుషుల పని. ఒకడు లోపల, ఒకడు బయట. బెజ్జంలోంచి తాడు అందించుకుంటూ లాగి బిగిస్తారు. బిగువు ఇద్దరి చేతుల్లో ఒక్కలా ఉండాలి. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా లాగితే అల దెబ్బంతా గట్టి కుట్టు మీదే పడి పలక అంచు తెగుతుంది. ఇద్దరూ మాటలు లేకుండా ఒకే ఊపిరితో పనిచేస్తున్నట్టుంటారు. కుట్టడం పూర్తయ్యాక పడవను తీసుకెళ్లి మళ్లీ నీళ్లలో పెడితే మొదట అన్ని సందుల్లోంచీ నీరు ఊరుతుంది. కంగారు పడరు. పీచు నీళ్లు తాగి ఉబ్బేదాకా తోడిపోస్తూ కూచుంటారు. తెప్పకు చేటు చేసే నీరే ఇక్కడ సందులు పూడుస్తుంది. కొయ్యలోకి పోతే శత్రువు, పీచులోకి పోతే చుట్టం.

ఒడ్డున ఉన్న పడవకు ఇంకో భయం ఉంది, అది మనుషుల నుంచి వచ్చేది. తుపాను దెబ్బ తిని రేవు తప్పి ఎక్కడో కొట్టుకొచ్చిన ఓడ అసహాయంగా ఉంటుంది. చాప చిరిగి, చుక్కాని విరిగి, మనుషులు అలిసిపోయి ఉంటారు. పాతకాలపు రాజులు అలాంటి ఓడలోని సరుకంతా తమదేనని పట్టుకునేవారు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఈ పాపాన్ని ఆపింది. గాలివాన తెచ్చి పడేసిన ఓడల సొమ్మును మునుపటి రాజులు లాక్కునేవారనీ, తాను దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఒక్క సుంకం మాత్రం తీసుకుని తక్కినదంతా వదిలేస్తాననీ అందులో చెప్పాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో, నెల్లూరుకు ఉత్తరాన, ఇదే ఇసుక తీరం మీద ఉంది. శాసనాన్ని అందరూ వర్తక చరిత్రలో భాగంగా చదువుతారు. నేను దాన్ని మరమ్మతు చట్టంగా చదువుతాను. చాప కుట్టుకునే దాకా, చుక్కాని చెక్కుకునే దాకా నీ మీద ఎవడూ చెయ్యి వేయడని రాజు రాతి మీద మాటిచ్చాడు. ఆ మాట లేకపోతే విరిగిన ఓడ ఒడ్డుకు రావడం కంటే సముద్రంలో ఉండటమే నయమనుకుంటుంది.

పెద్ద ఓడకు అడుగు బాగుచేయాలంటే మాత్రం నెల్లూరు ఒడ్డు చాలదు. 1626లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు దుగరాజపట్నం దగ్గర మకాం పెట్టి దాన్ని ఆర్మగాం అన్నారు. అక్కడ సముద్రంలో ఉన్న ఇసుక మేట అలలను కొంత ఆపుతుంది, లంగరేసిన ఓడకు కాస్త నెమ్మది దొరుకుతుంది. అంతకు మించి ఏమీ లేదు. పదమూడు పద్నాలుగేళ్లకే వాళ్లు మదరాసు వెళ్లిపోయారు. అడుగు విప్పి చూడాల్సిన ఓడలకు ఆంధ్ర తీరంలో పేరున్న చిరునామా గోదావరి పాయ మీది కోరంగి.

కోరంగి గొప్పతనం దాని బురదలో ఉంది. కలకత్తాకీ ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడలు అల తాకిడి లేకుండా మరమ్మతుకు నిలిచే చోటు అదేనని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో రోబక్ అనే ఆంగ్లేయుడు అక్కడ ఓడలు బాగుచేసే డాకు కట్టించాడు. అంతకు ముందూ తర్వాతా స్థానికుల పద్ధతి వేరే ఉంది. పున్నమికో అమావాస్యకో పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను గట్టున తవ్విన గుంటలోకి లాగేవారు. పాటు మొదలై నీరు తగ్గగానే గుంట నోటికి బురదతో కట్ట వేసి, మిగిలిన నీళ్లు తోడేసేవారు. ఓడ మెత్తటి బురద మీద కూచుంటుంది. పని అయ్యాక మళ్లీ పెద్ద పోటు రోజు చూసి కట్ట తెంచితే నీరే ఓడను లేపి నదిలోకి తీసుకుపోతుంది. రాయి లేదు, ఇనుము లేదు, యంత్రం లేదు. చంద్రుడి లెక్క తెలిస్తే చాలు.

ఆ అడుగులో వాళ్లు వెతికేది ముఖ్యంగా పురుగు కోసం. ఓడపురుగు అంటాం గానీ అది నిజానికి ఆల్చిప్ప జాతి జీవి. చిన్నప్పుడు సూదిమొన అంత బెజ్జం చేసుకుని కొయ్యలో దూరుతుంది. లోపలే పెరుగుతూ సొరంగాలు తొలుస్తుంది. పైకి పలక నున్నగా ఉంటుంది, లోపల తేనెపట్టులా అయిపోతుంది. ఓడ మునిగేదాకా తెలియకపోవచ్చు. దానికి రెండంటే పడవు. ఎండ ఒకటి, మంచినీళ్లు ఇంకొకటి. నది మీది రేవులో నిలిచిన ఓడకు రెండూ దొరుకుతాయి. సముద్రపు ఒడ్డున కట్టిన ఓడకు ఏదీ దొరకదు. అడుగు ఆరాక గడ్డి మంట వేసి పైపైన కాల్చి, అంటుకున్న గవ్వలూ నాచూ గోకి, సందుల్లో పీచు దట్టించి, సున్నమూ నూనే గుగ్గిలమూ కలిపి పూసేవారు. ఓడ అడుగును మంటతో కాల్చడమంటే ఎంత ధైర్యం కావాలో ఊహించండి. మంట ఒకచోట రెండు ఊపిర్లు ఎక్కువ నిలిస్తే పలక పోతుంది.

ఆ కోరంగిని గోదావరి ఒండ్రే పూడ్చేసింది. అంతకు ముందు తుపాన్లు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన మూడు అలలుగా ఊరిని తుడిచిపెట్టిందని కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ రాశాడు. సైక్లోన్ అనే మాటను 1848లో లోకానికి ఇచ్చినవాడు ఆయనే. 1839లో మరో ఉప్పెన వచ్చింది. ఊరు పోయినా పేరు మిగిలింది. బర్మాకు వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచారు. పొరుగున తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టే పని మాత్రం మొన్నమొన్నటి దాకా సాగింది.

చాపల గురించి ఒక్క మాట. నూలు చాప ఉప్పుకంటే బూజుకు భయపడుతుంది. తడిసి మడిచిపెడితే వారంలో మచ్చలు పడి చేతికే చిరుగుతుంది. అందుకే తుమ్మ చెక్కో మడ చెక్కో కాచిన రసంలో ముంచి ఆరేసేవారు. పాత ఫోటోల్లో నలుపు తెలుపుల్లో ముదురుగా కనబడే ఆ తెరచాపలకు ఎరుపు కలిసిన గోధుమ రంగు అలా వచ్చిందే. వలలకీ అదే రసం. నైలాను వచ్చాక ఆ కాగులు ఇళ్ల వెనక ధాన్యం పోసుకోవడానికి మిగిలాయి.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లకు ఐఎన్‌ఎస్‌వీ తారిణి సంగతి చెబుతాను. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు 17 మీటర్ల తెరచాప పడవలో భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. వర్తికా జోషి నాయకత్వం. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు, విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. 2018 మే 21న తిరిగి గోవా చేరారు. మొత్తం 254 రోజులు. అందులో సముద్రంలో గడిపినవి 199. అంటే తక్కిన 55 రోజులు ఒడ్డునే ఉన్నారు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. ఒక్కోచోట దాదాపు రెండు వారాలు ఆగారు. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దాటిన రోజు ఫోటోలు పేపర్లన్నిటిలో వచ్చాయి. ఆ 55 రోజుల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

మహాసముద్రం దాటొచ్చిన ఏ తెరచాప పడవకైనా ఆ రోజుల్లో జరిగే పని మైపాడు ముసలాయనకు చూపిస్తే గుర్తుపడతాడు. ముందు పడవంతా మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలిస్తారు. చాపలు దించి, పరిచి, కుట్టు కుట్టు వెంట వేలు నడిపిస్తారు. దారం తెగిన చోటు చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, గాలిలో అది నిలువునా చీలుతుంది. తాళ్లను కొస మార్చి తిరగేస్తారు, అరిగిన చోటే మళ్లీ అరగకుండా. కొయ్య పైదాకా ఎక్కి ప్రతి ఇనుప కట్టునూ చేత్తో తడిమి చూస్తారు. అడుగున పట్టిన గవ్వలు గోకుతారు. ఆ పైన మనుషులు నిద్రపోతారు. వారాల తరబడి గంటల లెక్కన వంతులేసుకుని కునుకు తీసినవాళ్లకు రాత్రంతా పడుకోవడమే మరమ్మతు.

ఇన్ని చేసినా కేప్‌టౌన్ నుంచి ఇంటిదారి పట్టాక తారిణి చుక్కాని తిప్పే యంత్రంలో లోపం వచ్చింది. ఏప్రిల్‌లో అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయీకి మళ్లించి బాగుచేయించుకుని మళ్లీ కదిలారు. గోవా దగ్గరపడుతున్నకొద్దీ ఆగబుద్ధి కాదు ఎవరికైనా. ఆగారు. ఆ ప్రయాణంలో నాకు కేప్ హార్న్ కంటే ఈ నిర్ణయం పెద్దదిగా కనబడుతుంది.

మన తీరానికి వస్తే, 2004 డిసెంబరు 26న సునామీ నెల్లూరు ఒడ్డునున్న తెప్పల్ని, వలల్ని ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన సాయంలో ఎక్కువగా ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి. తెప్పలు మళ్లీ కట్టినవాళ్లు తక్కువ. నేను దాన్ని తప్పుపట్టను. ఇంజనుతో దూరం పోవచ్చు, గాలి లేకపోయినా ఇంటికి రావచ్చు, ప్రాణాలు దక్కుతాయి. చలి నీళ్లలో సగం మునిగి కూచునే వేటను దూరాన ఉండి పొగడటం నాకు చేతకాదు. కానీ ఒకటి పోయింది. కొయ్య విరామం అడిగేది. బరువెక్కి, నెమ్మదించి, ఇక చాలు ఒడ్డున పెట్టు అని తానే చెప్పేది. ఫైబర్ అలా అడగదు. ఇవాళ వచ్చిన బోటు రేపు తెల్లారుజామున పోతుంది, ఎల్లుండీ పోతుంది. అడగదు కాబట్టి ఇవ్వం. కనబడని చోట చిన్న నెరియ పడి, అందులోంచి నీరు పొరల మధ్యకు చేరి, ఒకరోజు పొర పొరగా ఊడొస్తుంది.

ఇప్పుడు విరామం చట్టం ఇస్తోంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని పెట్టిన నియమం అది. తెడ్డుతో, తెరచాపతో వెళ్లే పడవలకు ఆ నిషేధం లేదు. ఎప్పుడూ విశ్రాంతి తీసుకుంటూ వచ్చిన పడవను చట్టం కూడా ఆపలేదన్నమాట. ఈ రెండు నెలల్లో పాలేలకు వెళ్లి చూడండి. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. ఇంజన్లు విప్పి నూనె గుడ్డల మీద పరిచి ఉంటాయి. చెట్ల నీడన ఆడవాళ్లూ మగవాళ్లూ వలలు అల్లుతుంటారు. పిల్లలు రంగు డబ్బాల చుట్టూ తిరుగుతుంటారు. ప్రభుత్వం ఇచ్చే నిషేధ భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. అందులో కొంత తిండికి పోగా కొంత ఇలా బోటు ఒంటి మీదికే వెళుతుంది. జువ్వలదిన్నెలో కొత్త చేపల రేవు వచ్చింది. ఇసుక మీదే బతికిన తీరానికి నీళ్లలో కట్టుకునే చోటు రావడం మామూలు మార్పు కాదు. రేవుతోపాటు బోటును పైకెత్తి ఆరబెట్టే జాగా, బాగుచేసే చేతులకు కూలి గిట్టే ఏర్పాటు ఉండాలని నా కోరిక. పడవ దిగే చోటు కడితే సగం పనే అయినట్టు.

పోయిన మే నెలలో తూపిలిపాళెం వైపు వెళ్లాను. ఒక నడివయసు మనిషి బోర్లించిన ఫైబర్ బోటు పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. అడుగున చేతివెడల్పు చీలిక. చుట్టూ రంగు గోకి, పాత పొర చెక్కేసి పెట్టాడు. జిగురు డబ్బా, గాజు పీచు చాప, బ్రష్షు తాటాకు నీడన సిద్ధంగా ఉన్నాయి. ముట్టుకోలేదు.

"ఇంకా మొదలుపెట్టలేదేం అన్నా?" అన్నాను.

జేబులోంచి అయిదు రూపాయల బిళ్ల తీశాడు. చీలిక చుట్టూ దాంతో కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. ఒకచోట చప్పుడు మారింది. నాకు కూడా వినబడింది. అక్కడ ఆగి మళ్లీ కొట్టాడు, చెవి దగ్గరపెట్టి.

"లోపల నీళ్లుండాయి సార్. ఇప్పుడు పూస్తే నిలవదు, నెల తిరక్కుండా లేచొస్తాది. మా నాయన తెప్ప దుంగల్ని ఏళ్లతో కొట్టేవోడు. దీనికి బిళ్ల కావాల, అంతే తేడా."

బోటును ఎండ వైపుకు కాస్త తిప్పడానికి సాయం పట్టమన్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం. అడుగున రెండు కొయ్యలు సర్ది, గాలి ఆడుతుందో లేదో వంగి చూసుకున్నాడు.

"ఇంకో రెండు రోజులు ఎండనీయాల" అన్నాడు.